గుర్రం నాట్యం మానేసిన శ్రావణం

మా ఆయనకు గుర్రాల మీద ప్రేమేమీ లేదు. జట్కా తోలే ఇల్లు కాబట్టి గుర్రం ఉండేది, అంతే. ఆటోలు పెరిగి గవర్నర్‌పేటలో జట్కా ఎక్కేవాళ్లు కరువయ్యాక బండిని మూల పడేసి, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. తొంభైల చివర్లో, హైదరాబాదు పందేలకు పనికిరాదని వదిలించుకున్న ఆడగుర్రాన్ని బ్రోకరు ద్వారా తెచ్చాడు.

లారీ దిగి నాలుగడుగులు వేయగానే ఎందుకు వదిలించుకున్నారో నాకు అర్థమైంది. వెనక కుడికాలు నిప్పు తొక్కినట్టు ఎగిరి, పొట్టకు తగిలి, దబ్బున నేలకు కొట్టుకునేది. పశువుల డాక్టరు గారు నడిపించి చూశారు.

"నరాల జబ్బండీ ఇది. కావాలని ఎత్తట్లేదు. కొన్నాళ్లు పని చెప్పకుండా వదిలేస్తే తగ్గొచ్చు. సిమెంటు రోడ్ల మీద తిప్పారంటే కాలు పోద్ది" అన్నారు.

మా ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ వారమే పెళ్లికి తోలుకెళ్లాడు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో కల్యాణమండపంలో ఎదురుకోలు. బ్యాండు మోగుతుంటే అది అడుగడుక్కీ కాలు ఎగరేసిందట. జనం ఈలలు వేశారట. "కూచిపూడి పక్కనే కదండీ, మన గుర్రాలక్కూడా నాట్యం అబ్బింది" అని పెళ్లికొడుకు మేనమామ అన్నాడని, ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అప్పట్నుంచి దానికి డాన్సు గుర్రమని పేరు. ముహూర్తం ఉన్న రోజల్లా బుకింగే.

"పాపం తగుల్తుందండీ, కొన్నాళ్లు ఆపండి" అన్నాను.

"పుణ్యం అన్నం పెడుద్దా?" అన్నాడు.

మరుసటేడు మూఢం వచ్చింది. వెనకే ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. ఆయన అటువైపు చూడటమే మానేశాడు. నేను రోజూ కాలవగట్టు మెత్తనేల మీద మేపుకొచ్చి, కాళ్లకు నూనె రాసేదాన్ని. మెల్లగా కాలు కిందికి దిగింది. ఒకరోజు పొద్దున్నే అది నాలుగు కాళ్ల మీద తిన్నగా నడిచి కుడితి తొట్టి దగ్గరికి వచ్చింది. నా పిల్లలు తొలి అడుగు వేసినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

శ్రావణంలో మొదటి పెళ్లి ఒక బట్టల వ్యాపారి ఇంట్లో. బ్యాండు ఎంత వాయించినా అది చక్కగా నడుచుకుంటూ పోయింది.

"డాన్సు గుర్రమంటే మాట్లాడుకున్నాం. ఇదేంటండీ, నడుస్తోంది?" అని పెళ్లివారు అందరిముందూ నిలదీశారట.

ఆయన ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు గజ్జెలు కుట్టిన తోలు పట్టీ తెచ్చి ఆ కాలికి కట్టాడు. కాలు మళ్లీ పొట్టదాకా ఎగిరింది. గజ్జెల చప్పుడుకి బెదిరిందనుకున్నాను. సాయంత్రం పట్టీ విప్పితే, లోపలివైపు చిన్న మేకులు కొట్టి ఉన్నాయి.

"మీరసలు మనిషేనా?" అన్నాను.

"నడక నేర్పింది నువ్వు. ఆ నడక చూసి ఎవడు పిలుస్తాడో నువ్వే చెప్పు" అన్నాడు. "రేపు పార్టీ ఉంది. రక్తం కనపడకుండా కడుగు."

పసుపు నూరి తెచ్చి దాని పక్కన కూర్చున్నాను. నా చెయ్యి ఇంకా తగలనే లేదు, కాలు పొట్టదాకా ఎగరేసింది. వాకిట్లో నిలబడి చూస్తున్న ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు.