సంతకం అడగని బీరువా

తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆమె రెండట్టలూ పట్టుకొని, తలకిందులు చేసి దులుపుతుంది. బస్సు టికెట్లు రాలుతాయి. పెన్సిలు పొట్టు రాలుతుంది. ఒకసారి ఎవరిదో పాలపన్ను రాలింది. పదహారేళ్లుగా ఆ బడి లైబ్రరీలో ఆమె చేతులకు ఇదే అలవాటు. పిల్లలు దులుపుడు మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

రెండేళ్ల కిందట కిటికీ పక్క బీరువాలోకి నలభై కొత్త పుస్తకాలు వచ్చాయి. దిగులు గురించి, భయం గురించి, చదువు ఒంటబట్టని పిల్లలకు ఎలా నేర్పాలన్న దాని గురించి. తల్లిదండ్రులూ టీచర్లూ చదువుతారని కొన్నవి. ఆమె అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ‘మానసిక సమస్యలు’ అని రాసి బీరువాకు తగిలించింది. తన చేతిరాత చూసి తనే మురిసిపోయింది. ఆరు నెలలు గడిచాయి. అటువైపు ఈగ వాలలేదు.

ఒక సాయంత్రం ఎవరో తల్లి ఆ బీరువా ముందు చాలాసేపు నిలబడింది. ఒక పుస్తకం తీసింది. ఆమె సంతకం కోసం రిజిస్టర్ ముందుకు జరపగానే ఆ తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అబ్బే, ఊరికే చూస్తున్నానండీ.”

ఆ తల్లి వెళ్లిపోయాక ఆమె రిజిస్టర్ తిరగేసింది. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో తర్వాత వచ్చినవాళ్లంతా చదవొచ్చు. తను చేసిన తప్పేమిటో అప్పుడు అర్థమైంది. అట్టముక్క పీకేసింది. అదే బీరువాలోకి కుట్టుపని పుస్తకాలు తెచ్చి, ఆ నలభైనీ వాటి మధ్య సర్దింది. వాటికి సంతకం అడగడం మానేసింది.

పుస్తకాలు కదలడం మొదలుపెట్టాయి. సోమవారం ఖాళీ అయిన చోటు శుక్రవారానికి నిండేది. ఎవరు తీశారో, ఎవరు పెట్టారో ఆమె తలెత్తి చూసేది కాదు.

ఒకరోజు దులిపితే చీటీ రాలింది. ‘మా పాప ఇరవై రోజులుగా మంచం దిగడం లేదు. ఎవరిని అడగాలి?’ పేరు లేదు.

ఎవరిని అడగాలో ఆమెకూ తెలియదు. సెలవు పెట్టింది. ఇంట్లో అత్తగారు బుగ్గన వేలేసుకుంది.

“సెలవు పెట్టి సినిమాకి పోతారు గానీ, పిచ్చాసుపత్రికి పోతారటే ఎవరైనా?”

“మనసుకి జబ్బు చేస్తే చూసే చోటు, అత్తయ్యా.”

“ఏదైతేనేం. అక్కడే ఉంచేసుకుంటారేమో, జాగ్రత్త!” అంది అత్తగారు, అన్నం డబ్బా మూత బిగించి చేతిలో పెడుతూ.

ఆసుపత్రి కౌంటర్లో గుమాస్తా రోగి ఎవరని అడిగాడు. తెలియదంది. “తెలియని రోగికి చీటీ ఎలా రాయమంటారమ్మా?” అని నవ్వాడు. ఆమె బెంచీ మీద కూర్చుంది. చివరి రోగి వెళ్లేదాకా కూర్చుంది. అప్పుడు డాక్టరమ్మ పిలిచి మాట్లాడింది.

చీటీ వెనక ఆమె జవాబు రాసింది. ‘గురువారం, పదిన్నరకు. మెట్లెక్కి ఎడమవైపు మూడో గది. నీలం పరదా ఉంటుంది. పాప రానంటే బలవంతం చేయకండి. ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడొచ్చు.’ దాన్ని అదే పుస్తకంలో ఉంచింది. మూడో రోజుకు చీటీ లేదు. తర్వాత కొత్త చీటీలు వచ్చాయి. ప్రతిదానికీ ఆసుపత్రికి వెళ్లి కనుక్కొని రావడంతో ఆమె సెలవులు కరిగాయి.

ఏడాది చివర పుస్తకాల తనిఖీ జరిగింది. నలభై పుస్తకాలు, ఒక్క సంతకం లేదు. ఎవరూ చదవని పుస్తకాలకు బీరువా దండగ, శనివారం మూటగట్టి స్టోరుకు పంపాలని హెడ్మాస్టరు నోటీసు తిప్పారు. జవాబు కోసం ఇంకా తన దగ్గరున్న చీటీలు చూపిస్తే బీరువా నిలుస్తుంది. కానీ చేతిరాతలు గుర్తుపట్టేవాళ్లు బడినిండా ఉన్నారు. ఆమె చూపించలేదు.

శనివారం హెడ్మాస్టరు తాడూ అట్టపెట్టెలూ పట్టుకొని వచ్చారు. వెనకే టీచర్లు వచ్చారు.

“చదివారంటారు. ఎవరో ఒక్కరి పేరు చెప్పండమ్మా, చాలు.”

“చెప్పలేను సార్.”

“మరి నేనేం చేసేది?”

లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. పిల్లలు ఆయన్ని చూస్తే గోడకు అతుక్కుపోతారు. రిజిస్టర్ తెరిచి, పుస్తకం పేరు రాసి, సంతకం పెట్టాడు.

“లెక్కలు చెప్పేవాణ్ణి, చెబుతున్నా. మీ సున్నా తప్పు సార్. మంచం దిగనిది మా అమ్మాయి. ఈవిడ రాసిచ్చిన ఆసుపత్రి గదికి మొదట నేనొక్కణ్ణే వెళ్లాను. మూడోసారి తనూ వచ్చింది. నిన్న ఈ నోటీసు సంగతి చెబితే, వెళ్లి చెప్పు నాన్నా అని తనే పంపింది.”

హెడ్మాస్టరు తాడు చుట్టి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆమె వైపు తిరిగారు.

“ఇంకా ఎంతమంది?”

“అదీ చెప్పను సార్.”

“ఇంత పొగరా!”

“అవును సార్,” అంది ఆమె. పదహారేళ్లలో ఆ గదిలో ఆమె గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. లెక్కల మాస్టారు నవ్వాడు. ఆయన పళ్లు చాలామంది అప్పుడే చూశారు.

“మీ సెలవులన్నీ ఎటు పోయాయో ఇప్పుడు తెలిసింది. ఇకమీదట ఆసుపత్రికి సెలవు పెట్టకండి. డ్యూటీ మీదే వెళ్లండి,” అన్నారు హెడ్మాస్టరు.

మర్నాడు ఆదివారం. బడి తెరిపించుకొని ఆమె ఆ నలభై పుస్తకాలనూ కుట్టుపని వరుసలోంచి తీసి, తలుపు పక్కన, లోపలికి వచ్చేవాళ్ల చేతికందే ఎత్తులో సర్దింది. పక్కనే ఒక కట్ట తెల్ల చీటీలు, రెండు పెన్సిళ్లు పెట్టింది.