ముహూర్తానికి ఆఫీసు తెరిచే లాయరు

ఉదయం ఏడు గంటల ఇరవై రెండు నిమిషాలకు మా ఆయన మొదటి సంతకం పెట్టారు. నిమిషాలతో సహా గుర్తుండటానికి కారణం ఉంది. ఆ గదిలో మేమంతా కాగితాల కంటే గోడ గడియారాన్నే ఎక్కువ చూశాం. ముహూర్తం ఏడూ పద్దెనిమిదికి మొదలై ఏడూ ముప్ఫై ఒకటికి అయిపోతుంది. 2006 మే నెలలో, ఆ పదమూడు నిమిషాల్లో, మేం ఇల్లు కొన్నాం.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా చివరి కాగితాలు ఒక లాయరు దగ్గర జరగాలి. దాన్ని క్లోజింగ్ అంటారు. కమ్మింగ్ అనే ఊళ్ళో మేం కొంటున్న ఇంటికి పది నిమిషాల దూరంలో, కోర్టు వెనక వీధిలో, లాయరైన ఒక పెద్దావిడ ఆఫీసు ఉండేది. మా ఆయన ముందు ఆవిడకే ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్‌లోనే చాలా అడిగింది. ఇల్లు ఎవరి పేరు మీద తీసుకుంటున్నారు, ఇద్దరి పేర్లయితే ఒకరు పోయాక రెండోవారికి నేరుగా వచ్చేలా రాయించుకుంటారా, పిల్లలున్నారా, విల్లు రాశారా. ఆఫీసు తొమ్మిదికి తెరుస్తాననీ, అంతకంటే ముందు కుదరదనీ చెప్పింది.

ఆయన ఫోన్ పెట్టేసి, "ఇల్లు కొంటానని ఫోన్ చేస్తే చావు గురించి అడుగుతుందేంటి ఈవిడ" అన్నారు.

నేను నవ్వాను. నవ్విన సంగతి దాచను.

మాకు ఇల్లు చూపించి బేరం కుదిర్చిన రియల్టర్ తెలుగాయన. చుట్టుపక్కల మన పిల్లలందరికీ అంకుల్. అట్లాంటా వైపు నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక లాయరు పేరు ఆయనే చెప్పారు. "మనవాళ్ళంతా అక్కడే క్లోజ్ చేస్తారండీ. ముహూర్తం ఎప్పుడంటే అప్పుడు ఆఫీస్ ఓపెన్ చేస్తాడు. తెల్లారి అయిదింటికైనా నో అనడు."

అంతే. మేం అతన్ని ఎంచుకోవడానికి అంతకంటే కారణం లేదు. బియ్యం బస్తా కొనడానికి మూడు స్టోర్లు తిరిగే మనుషులం. ఏ స్టోర్లో బియ్యం పాతవో, ఎక్కడ రాళ్ళొస్తాయో ఒకరికొకరు ఫోన్ చేసి చెప్పుకుంటాం. ఇంటి లాయరు విషయంలో మాత్రం పొద్దున్నే లేస్తాడా లేదా అన్నదొక్కటే చూశాం.

అతను అమెరికన్. గుమ్మంలోనే నమస్తే అన్నాడు. బల్ల మీద ఎవరో ఇచ్చిన ఇత్తడి వినాయకుడు, గోడకు ఇండియన్ స్టోర్ వాళ్ళ తెలుగు క్యాలెండరు. మా ఆయన మొహం వెలిగింది. నాకూ కాస్త ధైర్యంగానే అనిపించింది. అతను మన అక్షరం ఒక్కటీ చదవలేడని, ఆ క్యాలెండరు మాకోసమే వేలాడుతోందని ఆలోచించలేదు.

ఇల్లు కట్టిన బిల్డరు ముందు రోజే డీడ్ మీద, అంటే ఇంటి హక్కు మాకు రాసిచ్చే పత్రం మీద, సంతకం పెట్టి వెళ్ళాడు. దాన్ని లాయరు మా ముందుకు జరిపాడు. చదివే అలవాటు కొద్దీ చదివాను. కొన్నవారి పేరు ఉండాల్సిన చోట మా ఆయన పేరొక్కటే ఉంది. అప్పట్లో నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేసే వీల్లేదు. కాబట్టి లోన్‌లో నా పేరు లేదు. లోన్‌లో లేకపోతే డీడ్‌లోనూ ఉండకూడదేమో అనుకున్నాం. అది తప్పు. ఆ తప్పును సరిదిద్దడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెప్పాల్సినవాడు బల్లకు అవతల కూర్చుని పెన్ను మూత తీస్తున్నాడు.

నా పేరు ఉండొద్దా అని అడిగాను. మార్చాలంటే బిల్డరు మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలని, తర్వాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చని అతను చెప్పాడు. ఎలా చేర్చుకోవాలో అడగబోయాను.

మా ఆయన గడియారం చూసి, తెలుగులో, మెల్లగా, "ఇప్పుడు కాదు. టైం అయిపోతోంది" అన్నారు.

ఊరుకున్నాను. ఏడూ ఇరవై రెండు అయింది. తర్వాత లాయరు మాకు లడ్డూలు పెట్టాడు. ఇండియన్ స్టోర్ నుంచి తెప్పించాడట.

ఆ 'తర్వాత' రాలేదు. ఆరేళ్ళలో నా వీసా మారింది, గ్రీన్ కార్డులు వచ్చాయి, ఊరి లైబ్రరీలో పార్ట్‌టైం ఉద్యోగం వచ్చింది. పాప అయిదో క్లాసుకు వచ్చింది. డీడ్ సంగతి ఏడాదికోసారి ఎత్తేదాన్ని. చేద్దాం అనేవారు. విల్లు సంగతి ఒకసారి ఎత్తితే నలభై మూడేళ్ళకు విల్లేంటన్నారు. 2012 ఫిబ్రవరిలో ఒక గురువారం, ఆఫీసు పార్కింగ్‌లో, కారు తలుపు తీస్తూ పడిపోయారు. గుండె. అంతకు మించి దాని గురించి ఇక్కడ రాయను.

పదమూడో రోజున వంటింట్లో ఒకావిడ నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది.

"అన్నట్టు, ఈ ఇల్లు కొన్నప్పుడు సంతకం కరెక్ట్‌గా టైంకే పెట్టారా? ఒకట్రెండు నిమిషాలేమైనా అటూ ఇటూ అయిందా?"

నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. టైంకే పెట్టాం అని చెప్పాను. ఆవిడ తల ఊపింది, లెక్క తేలనట్టు. ఆ రోజు నుంచి చాలాకాలం నేను మనుషులతో మర్యాదగా మాట్లాడటానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

ఇల్లు అమ్మక తప్పదు. నా జీతంతో ఆ లోను నడవదు. మా అక్క న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉంటుంది. వాళ్ళింటికి దగ్గర్లో నాకు పూర్తికాలం ఉద్యోగం చూసింది. ఆగస్టు ఆఖరుకు చేరాలి. పాపకు కొత్త స్కూలు మొదలయ్యేది కూడా అప్పుడే. అప్పటికి ఇల్లు అమ్ముడుపోకపోతే ఊరు కదలలేను, ఉద్యోగం పోతుంది, తర్వాత ఇల్లూ బ్యాంకుకు పోతుంది. నాకు ఉన్న దారి అదొక్కటే.

ఏప్రిల్‌లో కొనేవాళ్ళు దొరికారు. తెలుగు దంపతులు, ఇద్దరు చిన్నపిల్లలు. పెరట్లో మా కరివేపాకు కుండీ చూసి ఆ అమ్మాయి, "ఇది వదిలేసి వెళ్తారా అక్కా" అని అడిగింది. వదిలేస్తానన్నాను. రెండు వారాల తర్వాత రియల్టర్ ఫోన్ చేశారు. కౌంటీ ఆఫీసు రికార్డులు చూస్తే ఈ ఇల్లు నాది కాదట. అమ్మడానికి నేను సంతకం పెట్టినా చెల్లదట.

మా క్లోజింగ్ ఫైలు ఉంటుంది కదా అని అందరూ పాత లాయరు దగ్గరికే వెళ్ళమన్నారు. వెళ్ళాను. ఈసారి పదకొండు గంటలకు. వినాయకుడు పెద్దవాడయ్యాడు, పక్కన లక్ష్మి కూడా చేరింది. అతను నన్ను గుర్తుపట్టలేదు. విల్లు లేదు కాబట్టి ఇల్లు నాకూ నా కూతురికీ కలిపి వస్తుందని, కూతురు మైనర్ కాబట్టి ఆమె వాటాకు కోర్టు ఒక సంరక్షకుణ్ణి పెట్టాలని, ఏడాది పట్టవచ్చని చెప్పాడు. ఆ పని తాను చేయనన్నాడు. తన పని క్లోజింగ్‌లే.

ఆ రోజు నా పేరు గురించి మీరు మాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ రోజు నేను బ్యాంకు లాయర్ని. మీ లాయర్ని కాదు. మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఆ మాట ఉంది" అన్నాడు. ఫైలు తిరగేసి, "ఆ పదమూడు నిమిషాల్లోనే ముగించమని అడిగింది కూడా మీవారే" అన్నాడు.

రెండూ నిజమే. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊళ్ళో ప్రతి గృహప్రవేశంలో మనవాళ్ళు అతన్ని 'మన లాయరు' అనడం విన్నాను. ఒక్కరోజు కూడా అతను మనవాడు కాదు. కాదని అతను ఎవరితోనూ అనలేదు, కాగితాల్లో తప్ప. పదమూడు నిమిషాల్లో ఎవరు చదువుతారు? చదవడానికి వీల్లేని టైం మనమే పెట్టించుకుని, దానికి అతనికి కృతజ్ఞతలు చెప్పి, వినాయకుడి బొమ్మలిచ్చి వచ్చాం.

పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదంటారు. తెచ్చుకున్నాను. దారి పొడవునా కారులో ఆయన్ని గట్టిగా తిట్టాను. రెడ్ లైట్ దగ్గర పక్క కారావిడ నావైపు చూసింది. 'ఇప్పుడు కాదు' అన్న ఆ రెండు మాటలకు నేనెందుకు ఊరుకున్నానని ఆ తర్వాత నన్ను తిట్టుకున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు. చదవడం వచ్చు. డీడ్‌లో లోపం కనిపించింది కూడా. నోరు మూసుకున్నాను.

నేరుగా కోర్టు వెనక వీధికి వెళ్ళాను. ఆ ఆఫీసు ఇంకా ఉంది. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆరేళ్ళ కిందటి ఫోన్ ఆవిడకు గుర్తుండే అవకాశం లేదు, నేను గుర్తుచేయలేదు. కాగితం తీసుకుని మళ్ళీ అవే ప్రశ్నలు అడిగింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, పిల్లలున్నారా, విల్లు ఉందా. ఈసారి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను.

ఈ రాష్ట్రంలో భర్త పోయిన మనిషి తన పోషణ, పిల్లల పోషణ కోసం ఇంటిని తనకివ్వమని కౌంటీ కోర్టును అడగవచ్చని ఆవిడ చెప్పింది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే జడ్జి ఇల్లు మొత్తం నా పేరు మీద రాయవచ్చు. లోకల్ పేపర్లో నాలుగు వారాలు ప్రకటన వేయాలి. అన్నీ కుదిరితే రెండు నెలలు. ఈ మాట అతనికి తెలియదా అని అడిగాను. తెలిసే ఉంటుంది అంది.

అర్జీ పెట్టాం. పాప మైనర్ కాబట్టి ఆమె తరఫున చూడటానికి కోర్టు వేరే లాయర్ని పెట్టింది. చిన్న వయసతను. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర పాపతో పావుగంట మాట్లాడాడు. నన్ను హాల్లో కూర్చోమన్నాడు. నా ఇంట్లో, నా కూతురి తరఫున, నాకు ఎదురుగా ఒక మనిషి. మర్యాదగానే ఉన్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

అతను వెళ్ళాక పాప వచ్చి నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఆ అంకుల్ నా సైడా?"

"ఆఁ."

"మరి నువ్వు ఏ సైడ్?"

"మనిద్దరం ఒకే సైడ్."

"అయితే నాకు లాయర్ ఎందుకు?"

పదేళ్ళ పిల్లకు ముహూర్తం గురించి ఏం చెప్పను. నాన్న సంతకం పెట్టేటప్పుడు ఒక పని మర్చిపోయాం అన్నాను. మర్చిపోయాం అన్నది అబద్ధం. మర్చిపోలేదు.

కొనే దంపతులు మొదట్లో ఆగుతామన్నారు. జూన్ నెల నడిచేకొద్దీ ఆ అమ్మాయి ఫోన్‌లో తడబడటం మొదలుపెట్టింది. చివరికి చెప్పింది. "ఏమనుకోకండి అక్కా. ఆషాఢం వచ్చేస్తోంది. అది వస్తే మా అత్తమ్మ అస్సలు ఒప్పుకోదు." ఇంకేదో కూడా ఉంది. ఈ ఇంట్లో మగమనిషి పోయాడన్నది. అది అనలేదు, అనకుండానే తెలిసింది. వాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారు. క్లోజింగ్ ఎవరి దగ్గర చేశారో రియల్టర్‌ని అడిగాను. ఆ పాత లాయరు దగ్గరే అన్నారు. నా సంగతి వాళ్ళకు చెప్పారా అని అడిగాను. "మీ కేస్ వేరండీ" అన్నారు.

నా కేసు వేరు కాదు. ఆ ముక్క ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. డీడ్‌లో నీ పేరుందో లేదో చూసుకో, ఇద్దరిలో ఒకరు పోతే ఇంకొకరికి వచ్చేలా రాశారో లేదో చూసుకో అన్నాను. "అలా అనకండి అక్కా" అంది, భయపడి. బహుశా ఆ రోజు రాత్రి దిష్టి తీసుకుని ఉంటారు. తీసుకోనీ. చూసుకుందో లేదో నాకు తెలియదు.

వాళ్ళు వెళ్ళిపోయిన రెండు వారాలకు జడ్జి సంతకం అయింది. ఇల్లు నాది అయింది, అమ్మడానికి. పోస్టులో వచ్చిన కోర్టు కాగితాన్ని నిలబడే చదివాను. కిందిదాకా. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

జులైలో ఇంకో జంట వచ్చింది, ఊళ్ళోవాళ్ళే, రిటైరైనవాళ్ళు. ఎందుకు అమ్ముతున్నారని అడిగారు, చెప్పాను, బాధపడ్డారు, ఇల్లు నచ్చిందన్నారు. క్లోజింగ్ మా పెద్దావిడ ఆఫీసులోనే. తేదీ పెట్టేటప్పుడు ఆవిడ సెక్రటరీ, ఇండియన్ క్లయింట్లు కొందరు మంచి టైం చూసుకుంటారు, మీకేదైనా ఉందా అని మర్యాదగా అడిగింది. ఏ టైం ఖాళీగా ఉందని అడిగాను. ఆగస్టు రెండో మంగళవారం, మూడున్నర. రాహుకాలం. అది నాకు పంచాంగం చూడకుండానే తెలుసు.

సరే అన్నాను.

ఆ రోజు గదిలో గడియారం ఉందో లేదో గుర్తులేదు. ప్రతి పేజీ చదివాను. అర్థం కాని చోట అడిగాను, ఆవిడ చెప్పింది. కొనేవాళ్ళ పేర్లు రెండూ డీడ్‌లో ఉన్నాయి, ఒకరు పోతే ఇంకొకరికి అన్న మాట కూడా ఉంది. అది నా పని కాకపోయినా దానికోసమే వెతికాను. గంటన్నర పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

పిస్కాటవేలో ఇప్పుడు చిన్న టౌన్‌హౌస్ ఉంది. దాని కాగితాలకు రోజు పెట్టేటప్పుడు మా అక్క పంచాంగం తీసింది. వద్దన్నాను. మా ఇంట్లో ఇప్పుడు ముహూర్తం చూసి సంతకాలు పెట్టం.