తేనెపట్ల లోయలో పిలవకూడదు

హనుమకొండలో మాది గాజుల దుకాణం. నేను మాత్రం ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే బస్సెక్కి ములుగు దారిలోని ఒక రక్షిత అడవికి పోతున్నాను. గైడు పని. వచ్చినవాళ్లను విడతకు పన్నెండు మంది చొప్పున గుట్ట మీదికి తీసుకెళ్తాను.

ఎక్కే ముందు గేటు దగ్గరే నిబంధనలు చెబుతాను. దారి దిగకూడదు. అగ్గిపెట్టె, సెంటు, స్పీకరు లోపలికి తేకూడదు. ఆకు తెంపకూడదు, రాయి ఎత్తుకుపోకూడదు. పైన లోయ అంచుకు చేరాక గొంతెత్తి ఎవరినీ పిలవకూడదు. ఎదురుగా నిలువు బండకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. ఈగలు లేస్తే పరుగెత్తడానికి చోటుండదు.

ఒక మాఘమాసపు ఆదివారం గుంపులో ఒక ముసలామె ఒంటరిగా వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆమె చెట్లను చూసుకుంటూ నడిచింది. నేను చెప్పకముందే మలుపు తిరిగేది. అంచుకు చేరగానే నా చెయ్యి పట్టుకుంది.

“బిడ్డా, జర ఒక్కసారి పిలుస్త.”

“ఎవల్ని అవ్వా?”

“మా అక్కను.”

నేను లోయలోకి చూశాను. ఎవరూ లేరు.

“నేను పుట్టింది గీ గుట్ట కిందనే,” అంది. “తునికాకు తెంపనీకి అక్క, నేను వచ్చినం. దానికి పద్నాలుగేండ్లు, నాకు పది. నీళ్లు తాగొస్తనని గిట్ల దిగింది, మల్ల రాలే. ఊరంత దేవులాడిన్రు. గుడ్డపేలిక గూడ దొరకలే. మా అమ్మ ఏటా వచ్చి ఈ బండ మీద నిలవడి పేరు వెట్టి పిలిచేది. నన్ను రఘునాథపల్లి దిక్కు ఇచ్చిన్రు. అమ్మ పోయింది, కంచె వడ్డది, ఇగ రానియ్యలే. గిప్పుడు టికెట్ కొనుక్కొని వచ్చిన.”

మా వెనక ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఎదురుగా పట్లు నల్లగా కదులుతున్నాయి.

“వద్దవ్వా. ఈగలు లేస్తయ్. పిల్లలున్నరు.”

ఆమె ఆ పిల్లల వంక చూసి, “సరే బిడ్డా,” అంది. పెదవులు మాత్రం కదిపింది.

ఆ తర్వాత నాకు ఆ అంచు దగ్గర మనసు నిలిచేది కాదు. నేను నిశ్శబ్దంగా ఉండమనగానే అందరూ మాట ఆపేస్తారు కదా, ఆ నిశ్శబ్దంలో నా చెవులు కిందికే పోయేవి. ఎండుటాకుల మీద ఏదో నడిచినట్టుండేది. కొండముచ్చే కావచ్చు. రెండుసార్లు చెబుతున్న మాట మధ్యలోనే ఆగిపోయాను. “ఏమైంది మేడం?” అని అడిగారు.

చివరికి ఆ అవ్వ సంగతి మా రేంజర్ సార్‌కు చెప్పాను. వానలు పడి పట్లు ఖాళీ అయ్యాక, సందర్శకులు రాని సోమవారం తీసుకెళ్లమన్నాడు. గేటు దగ్గరి రిజిస్టరులో ఆమె రాసిచ్చింది కోడలి నంబరు. దానికి ఫోన్ చేశాను.

శ్రావణంలో ఆమె వచ్చింది. మేమిద్దరమే ఎక్కాం. ఎదురు బండ మీద పట్లుండిన చోట తెల్లటి మచ్చలున్నాయి. ఆమె కొంగు సర్దుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది.

“అక్కా!”

కాసేపటికి లోయలోంచి “అక్కా...” అని వచ్చింది. సన్నగా, చిన్నగా.

ఆమె వెనక్కి అడుగేసింది.

“మన గొంతే అవ్వా. రాయికి తాకి తిరిగొస్తది,” అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. “మా అమ్మ పేరు వెట్టి పిలిస్తె పేరే తిరిగొచ్చేది. గిప్పుడు నన్ను అక్కా అంటాంది. అది ఇంకా పద్నాలుగేండ్ల పిల్లనే. నేనే పెద్దగైన.”

బండ మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి లేచి, లోయ వైపు ఎడమచెయ్యి చాచి, చిన్నపిల్లతో అన్నట్టు మెల్లగా, “భయపడకు. ఇంటికి పోదాం, రా,” అంది.

ఆ చెయ్యి కిందికి దించలేదు. దాన్ని కొద్దిగా పక్కకు పట్టుకుని, జారే చోట ఆగుతూ, దారంతా అలాగే దిగింది. ఇరుకు దారి. ఆమె పక్కన నడవబోతే, “నువ్వు ఎనక రా బిడ్డా,” అంది. వెనకే నడిచాను. ఆమె చేతి వంక చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా చూపు అక్కడికే పోయింది.

నెల తర్వాత ఆమె కోడలు ఫోన్ చేసింది.

“మేడం, గుట్ట మీద ఏమైంది? మా అత్త రోజూ తనొక్కదానికే రెండు కంచాలల్ల బువ్వ పెడ్తాంది. అడిగితె నవ్వుతాంది.”

“వాళ్లక్కను పిలిచింది,” అన్నాను.

ఆమె గొంతు బాగా తగ్గించి అడిగింది.

“మరి వచ్చిందా?”

రాలేదని చెప్పాలి. చెప్పలేకపోయాను.