ఆవిరి లేని తొట్టి

బీదర్‌లో మా షాపు పని గేట్లకూ, కిటికీ గ్రిల్స్‌కూ పౌడర్ కోటింగ్ వేయడం. రంగు పడే ముందు ఇనుముకు నూనె, తుప్పు వదిలించాలి. యాసిడ్ తొట్టిలో జరిగే ఆ పని ఏళ్ల తరబడి మా మేనమామదే. ఆయన ఇనుముకు తుప్పు వదిలించాడు, యాసిడ్ ఆయనకు సగం ఊపిరి వదిలించింది. మళ్లీ ఆ తొట్టి దగ్గరికి పోతే ఇక తన దగ్గరికి రావద్దన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చోవడం మామకు చేతకాదు. అత్త గిన్నెల మీద పడ్డాడు. గిన్నెలు రోజూ మెరిసేవి, అత్త మొహం మాత్రం మెరవలేదు.

అందుకే మా షాపు సేటు యాసిడ్ మాన్పించి కొత్త మందు తెచ్చిన రోజే పోయి మామకు చెప్పాను. పొగ లేదు, వాసన లేదు, మోరీలోకి విషం పోదు. మర్నాడు మామ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.

"పెండ్లి చూపులా మామా?"

"నోర్ముయ్ రా. నా పని నాకు మళ్ల దొరికింది."

హుల్సూర్ నుంచి వచ్చిన గేటును కడిగి, ఇద్దరం తొట్టిలో దించాం. సేటు పిలిస్తే వెళ్లాను. కొత్త మందులో రెండు నిమిషాలు చాలు. రంగు పట్టుకునేందుకు ఇనుము మీద పడే పొర కంటికి కూడా ఆనదు. పాత పద్ధతిలో ఇనుము బూడిదరంగుకు తిరిగితేనే తీసేవాళ్లం. నేను తిరిగొచ్చేసరికి మామ ఇంకా ఆ రంగు కోసమే చూస్తున్నాడు.

"ఇంక తీయలే?"

"రంగు ఎక్కలే కదరా."

పైకి లేపితే, ఎక్కువసేపు నానినందుకు గేటు నిండా పసుపుపచ్చని పొడి. మళ్లీ మొదటినుంచి కడగాలి.

"ముక్కు మండాలె, కండ్ల నీళ్లు కారాలె, గప్పుడు గద పని!" అన్నాడు.

"కండ్ల నీళ్లకైతే ఉల్లిగడ్డలు తెస్త మామా."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అది ఆగాక గేటెత్తడానికి వంగాడు. నేనొక కొస, ఆయనొక కొస. నా కొస మాత్రమే లేచింది.

ఇన్నాళ్లూ అడ్డం యాసిడే అనుకున్నాం. ఇప్పుడు తొట్టి మీద పొగ కూడా లేదు, నెపం వేయడానికి.

"తడి ఉందిరా, చేతులు జారినయి."

"అవు మామా, జారుతది." నోటిదాకా వచ్చిన జోకును మింగేశాను.

బండి మీద ఇంటికి తీసుకెళ్లాను. అత్త తలుపు తీసి, "గింత జల్ది వచ్చినవేంది?" అంది.

"కొత్త మందుకు మనిషి అక్కర లేదట," అన్నాడు మామ, చెప్పులు విడుస్తూ.

అత్త నా వైపు చూసింది.

"అవునత్తా," అన్నాను, "అక్కర లేదు."