నేల విడిచిన గుండు

కరోనా సద్దుమణిగిన తర్వాత వచ్చిన శ్రావణ మాసంలో ఒక డైలీ సీరియల్ ఔట్‌డోర్ షెడ్యూలు మీద నన్ను ఆదోనికి పంపారు. హోదా ప్రొడక్షన్ మేనేజర్. ఈ ఉద్యోగం గురించి బయటివారికి తెలిసింది తక్కువ. కథ దర్శకుడు చూసుకుంటాడు, వెలుతురు కెమెరామన్ చూసుకుంటాడు. వాళ్లు పడుకునే మంచం, తినే తిండి, షూటింగుకు అనుమతి, వ్యాన్లు, మంచినీళ్లు, గొడవైతే పోలీసు స్టేషనుకు పోయి రావడం, ఇవన్నీ మేనేజరు నెత్తిన ఉంటాయి. పని సవ్యంగా సాగినన్నాళ్లూ అలాంటివాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తు రాదు.

మాది ఆదోనే. మా నాయన పత్తి మండీలో గుమాస్తా. ఆ ఎండా ఆ మనుషులూ నాకు తెలుసులే అన్న ధీమాతో లొకేషన్ నేనే చూపించాను. ఆ నెల శ్రావణమని మాత్రం ఎవరికీ తట్టలేదు. శ్రావణమంతా అక్కడికి దగ్గర్లోని ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వచ్చే జనంతో ఎమ్మిగనూరులో ఒక్క లాడ్జి ఖాళీ లేదు. చివరికి యూనిట్ మొత్తాన్నీ ఆదోనిలో ఒక కల్యాణ మండపంలో దింపి, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెట్టించి, ఎమ్మిగనూరు అవతలి పల్లెకు వ్యాన్లలో తోలుకుపోయేవాణ్ణి.

ఆ వ్యానులో నా పక్క సీటు పైడిరాజుది. విజయనగరం వైపు మనిషి. ఒకప్పుడు వెయిట్‌లిఫ్టింగ్‌లో దేశం తరఫున ఒలింపిక్స్‌కు వెళ్లివచ్చాడు. తర్వాత ఒక ఫైట్ మాస్టర్ కంటబడి సినిమాల్లోకి వచ్చాడు. అక్కడ ఆయన పని విలన్ వెనక చేతులు కట్టుకుని నిలబడడం, హీరో చెయ్యి తగలగానే నడుముకు కట్టిన తాడు మీద గాల్లోకి లేచి పడడం. తన బరువులో సగం కూడా లేని కుర్రహీరోల చేతిలో ఎన్ని తన్నులు తిన్నాడో లెక్కలేదు. వయసు మళ్లాక సీరియళ్లకు వచ్చాడు. మా సీరియల్లో అత్తగారి అంగరక్షకుడు. ఆవిడ కనుసైగ చేస్తే కోడలి తరఫు వాళ్ల కాలరు పట్టుకోవాలి. అంతే, మాటలు లేవు.

ఒక సినిమాలో ఆ తాడే తెగి ఆయన వెన్ను విరిగింది. లోపల రాడ్లు వేశారు. కుర్చీ కూడా ఎత్తవద్దని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి యూనిట్‌లో నా ఒక్కడికే చెప్పాడు, బయటికి పొక్కితే ఎవరూ పిలవరని. అందుకే ఆయన కుర్చీ వేరెవరో మోసేవాళ్లు. ఒలింపిక్స్‌కు పోయివచ్చిన మహారాజు కుర్చీ మోసుకోడంట అని లైట్‌మెన్ నవ్వుకునేవాళ్లు. ఆయన విననట్టు ఉండేవాడు.

మా కంపెనీ దసరా తర్వాత మొదలుపెట్టబోయే కొత్త సీరియల్లో ఆయనకు కథానాయిక తండ్రి వేషం ఇచ్చారు. ఇన్నేళ్లలో మాటలున్న మొదటి వేషం అది. పొద్దున పూట వ్యానులో ఆ డైలాగులు నాకు అప్పజెప్పేవాడు. అంత మనిషి, కూతుర్ని అత్తవారింటికి పంపే మాటలు చెబుతూ గొంతు ఎక్కడ తగ్గించాలో నన్ను అడిగేవాడు. ఈ షెడ్యూలు ఒడ్డెక్కితే చాలు, ఇక ఎవరూ నన్ను గాల్లోకి విసరరు సార్ అన్నాడు ఒకసారి.

ఆ పల్లెలో తీయవలసింది జాతర సీను. ఊళ్లో రాతిగుండు ఎత్తే పోటీ. అత్తగారి మనిషి, అంటే మా పైడిరాజు, గుండును ఎత్తబోయి చేతగాక వదిలేస్తాడు. అప్పుడు ఇంటి అల్లుడు వచ్చి ఒంటిచేత్తో ఎత్తి అవతల పారేస్తాడు. దీనికోసం ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు థర్మాకోల్‌తో గుండు చేసి రంగు వేశారు. మా భాషలో దాన్ని డమ్మీ అంటారు. చంకన పెట్టుకుని తేవచ్చు. కాబట్టి పైడిరాజు నడుము గురించి నేను బెంగపడలేదు.

ఆ ఊళ్లో అసలు గుండు కూడా ఉంది. అనుమతి అడగడానికి పోయినప్పుడు హనుమంతప్ప అనే పెద్దాయన దాన్ని చూపించాడు. నల్లగా, నున్నగా, బోర్లించిన కాగులాగా ఉంది. ఉగాదికి పసుపు కుంకుమ పెట్టి ఊరి మగవాళ్లు ఎత్తబోతారు. హనుమంతప్ప తాత తర్వాత దాన్ని భుజం దాకా తెచ్చినవాడు లేడట. దానికో కట్టుబాటు ఉంది. చెయ్యి పెట్టినవాడు దాన్ని నేల విడిపించాలి. విడిపించలేకపోతే మొక్కి పక్కకు పోవాలి, బతికినన్నాళ్లూ మళ్లీ దాని జోలికి రాకూడదు. ఎత్తినవాడి పేరు మాత్రం ప్రతి ఉగాదికీ ముందుగా పిలుస్తారు.

షూటింగు పొద్దున మొదలైంది. ఓడిపోవడం అంత కష్టమని మాకెవరికీ తెలియదు. బరువు లేనిదాన్ని ఎత్తలేనట్టు చేయాలంటే చేతులు దాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. పైడిరాజు ఊపిరి బిగపట్టి పట్టుకోగానే డమ్మీ గజగజ ఊగేది. కింద మేకులు కొట్టి బిగించారు. ఈసారి అడుగు నేలకు అంటుకుపోయి, పైముక్క ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. చుట్టూ ఉన్న ఊరి జనం పగలబడి నవ్వారు. పైడిరాజు కూడా నవ్వబోయాడు.

దర్శకుడు కుర్రవాడు, చానల్ వాళ్లకు ఆ వారంలోనే ఎపిసోడ్ పంపాల్సిన తొందర. మైకు ఆపకుండానే అనేశాడు: "ఎత్తలేకపోవడం మీకు కొత్తా సార్?"

ఒలింపిక్స్‌లో లిఫ్టర్‌కు ఒక్కో రకం లిఫ్ట్‌లో మూడే అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే ఫలితాల్లో పేరుంటుంది గానీ ఎదురుగా అంకె ఉండదు. పైడిరాజుకు జరిగింది అదే. యూనిట్‌లో చాలామంది ఫోనులో చదివే ఉంటారు. కానీ ముఖాన అన్నవాడు అంతవరకు లేడు. పైడిరాజు చేతిలోని థర్మాకోల్ ముక్కను జాగ్రత్తగా కింద పెట్టి పోయి కూర్చున్నాడు. దర్శకుణ్ణి ఆ క్షణాన లాగి కొట్టాలనిపించింది. మేనేజర్లు దర్శకులను కొట్టరు, అందుకని భోజనాలు వేళకు ముందే పెట్టించాను.

యూనిట్ అంతా బడి వరండాలో తింటున్నారు. ఆర్ట్ అసిస్టెంటు డమ్మీని అతికించి, మళ్లీ రంగు పూసి, మంచినీళ్ల డ్రమ్ము పక్కన నీడలో ఆరబెట్టి భోజనానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కెమెరా ముందు గుండు ఉంది. ఎవరో తెచ్చి పెట్టారనుకుని ఊరుకున్నాడు.

నేను జనానికి మజ్జిగ ఏర్పాటు చూద్దామని డ్రమ్ము దగ్గరికి పోయి, అక్కడున్న రాయి మీద చెయ్యి ఆనించాను. అరచేతికి నల్లరంగు అంటింది. తడిగా ఉంది. రాయి పక్కకు ఒరిగిపోయింది. అప్పుడే దర్శకుడు యాక్షన్ అన్నాడు.

డమ్మీ ఇక్కడుంటే కెమెరా ముందున్నది ఊరి గుండే. సెట్ మీద కట్ అనే హక్కు దర్శకుడొక్కడిదే. నిర్మాత కూడా అనడు. నా ఉద్యోగంలో మొదటిసారీ చివరిసారీ నేను కట్ అని అరిచాను. అందరూ తిరిగి నన్ను చూశారు. పైడిరాజు మాత్రం తిరగలేదు. అప్పటికే వంగి గుండు కింద వేళ్లు పెట్టి ఉన్నాడు. ఒక చెయ్యి బయటికి తీసి, ఆగమన్నట్టు నాకు చూపించాడు. ఆ అరచెయ్యి నిండా పసుపు. కెమెరాకు కనపడకుండా గుండు అడుగున ఊరివాళ్లు పసుపు పూసి పెట్టారు.

ఆయన చెప్పులు విడిచాడు. పాదాలు కొంచెం ఎడం చేసి మళ్లీ సర్దుకున్నాడు. ఇన్నేళ్లలో ఏ షాట్‌లోనూ ఆయన అలా నిలబడడం నేను చూడలేదు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం నల్లబడింది, కళ్లు మూసుకుపోయాయి, ఎంతసేపటికీ ఏమీ కదల్లేదు. వదిలెయ్యి దేవుడా అని నేను అనుకుంటూ ఉండగానే గుండు కింద వెలుతురు కనపడింది. మోకాళ్ల మీదికి వచ్చింది, పొట్ట మీదికి, రొమ్ము మీదికి, అక్కణ్ణుంచి భుజం మీదికి. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

హనుమంతప్ప దగ్గరికి పోయి, పిల్లవాడికి ఇక చాలని చెప్పినట్టు మెల్లగా అన్నాడు: "ఎనక్కి ఇడువప్పా. ఇంగ సాకు."

గుండు ఆయన వీపు వెనక పడింది. ఆ దెబ్బ నా కాళ్ల కింద తెలిసింది. మేం పరుగెత్తేసరికి ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎవరూ తనను ముట్టుకోవద్దని, వంగడం తనవల్ల కాదని చెప్పాడు. హనుమంతప్ప తన తలపాగా విప్పి ఆయన తలకు చుట్టాడు. నిలబడ్డ మనిషికి చుట్టడానికి పెద్దాయనకు మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది.

గుండు మార్చిందెవరని దర్శకుడు రంకెలు వేశాడు. దాచుకోవాల్సిన పని హనుమంతప్పకు కనపడలేదు. ఊళ్లోవాళ్లతో కలిసి గడ్డపారలతో దొర్లించుకుని తానే తెచ్చినానన్నాడు.

"పొద్దున్నుంచి ఆయప్ప ఎత్తలేనట్ల సెయ్యలేక అగసాట్లు పడతాండాడు. మా గుండు పెడితే నిజంగానే ఎత్తలేడు, మీ పని అయిపోతాది అనుకుంటిమి. అంత పెద్ద మనిసికి ఉత్త అట్టరాయి పెట్టేది మర్యాద గాదు గదప్పా. ఎత్తుతాడని ఎవురికి తెలుసు?"

ఆయన మాకు సాయం చేశాననుకున్నాడు. నడుము సంగతి నేను దాచాను కాబట్టి ఆయనకు తెలిసే దారి లేదు.

వ్యానులో సీట్లు తీసేసి, పైడిరాజును బల్ల మీద పడుకోబెట్టి ఆదోని ఆస్పత్రికి తీసుకుపోయాం. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా ఆయన నా మణికట్టు పట్టుకునేవాడు. నాకు కోపం ఆగలేదు. తెలిసి తెలిసి ఎందుకు ఎత్తావయ్యా అని అడిగేశాను.

"అక్కడ మూడే ఇస్తారు సార్," అన్నాడు. "ఈ ఊరోళ్లు నాలుగోది ఇచ్చారు."

రాడ్లు కదిలాయని ఆదోనిలో చెప్పి, కర్నూలుకు పంపారు. ఆపరేషన్ మళ్లీ చేశారు. దసరా నాటికి కూడా ఆయన లేచి కూర్చోలేకపోయాడు. తండ్రి వేషం వేరే నటుడికి పోయింది. ఆ తర్వాత ఆయన కెమెరా ముందుకు రాలేదు. ఉగాది నాడు హనుమంతప్ప ఫోను చేసి, గుండుకు పూజ చేసేటప్పుడు ముందు పిలిచింది పైడిరాజు పేరేనని, తన తాత పేరు రెండోదైందని చెప్పాడు.

ఎపిసోడ్ మాత్రం ఆగలేదు. దర్శకుడు ఆ షాట్‌నే వాడుకున్నాడు. ఎడిటింగ్ గదిలో నాకు చూపించాడు. నరాలు ఉబ్బడం, ముఖం నల్లబడడం, కళ్లు మూసుకుపోవడం, కదలని గుండు. సరిగ్గా కింద వెలుతురు కనపడబోయే చోట కోశాడు. తర్వాత అల్లుడు వచ్చి థర్మాకోల్‌ను ఒంటిచేత్తో ఎత్తాడు. ఇంత బాగా ఓడిపోయినవాణ్ణి సీరియల్లో ఎప్పుడూ చూడలేదని చానల్ వాళ్లు మెచ్చుకున్నారట. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ప్రసారమైన రోజు మా ఆవిడతో కలిసి ఇంట్లో చూశాను. అంత లావు మనిషి, పాపం ఎత్తలేకపోయాడే అంది. ఎత్తాడు, నా కళ్లతో చూశాను అన్నాను. ఆమె నమ్మలేదు. ఇప్పుడే కదండీ చూపించారు అంది.

ఆ ఏడాదే రిటైరయ్యాను. మిగిలిన షెడ్యూళ్లలో డమ్మీని నా చేత్తో ఎత్తి చూడనిదే షాట్‌కు పంపలేదు. అది ఉద్యోగానికి పనికొచ్చిన పాఠం. రెండోది ఇప్పటికీ పనికొస్తోంది. ఎత్తలేకపోతున్నవాడి ముఖం, ఎత్తబోతున్నవాడి ముఖం ఒకటే. తేడా షాట్ ఎక్కడ కోశారన్న దాంట్లో ఉంటుంది.