ముందే చెప్పిన స్తోత్రం

అడిగినది చేతికి రాకముందే దేవుడికి స్తోత్రం చెప్పడం మా సంఘంలో అలవాటు. దక్షిణాఫ్రికాలో, డర్బన్ పక్కన ఒట్టావా అనే ఊళ్ళోని ఆ రేకుల చర్చికి నేను వెళ్ళిన మొదటి ఆదివారమే ఒకామె లేచి, ఇంకా రాని ఇంటి తాళాల కోసం కృతజ్ఞత చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న ఒంగోలు పక్క పల్లెల్లో తిరిగిన బోధకుడు. ఆయనైతే "వచ్చాక చెబుదువుగాని, కూర్చో తల్లీ" అనేవాడు. నాకు మాత్రం వాళ్ళ విశ్వాసం నచ్చింది. మన ఊళ్ళ నుంచి చెరకు తోటల కూలికి వచ్చి తరాల తరబడి ఏదీ వేళకు అందని జనం, ముందే స్తోత్రం చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు అనుకున్నాను. ఇవాళ ఆ అలవాటు గురించి రాస్తుంటే నోరు చేదుగా ఉంది.

తెల్లవాళ్ళే కాక అందరూ ఓటు వేసిన మొదటి ఎన్నికలు అయిపోయిన కొత్తలో, మావారికి డర్బన్‌లో కాగితం మిల్లులో ఇంజనీరు ఉద్యోగం దొరికి వచ్చాం. నేను ఎం.కాం. చదివి ఇంట్లో కూర్చున్నానని తెలిసి, సంఘపెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన్ని అందరూ బ్రదర్ అనేవారు. ఊరూరా తిరిగి ఇన్సూరెన్సు అమ్మేవాడు. "ఇన్నాళ్ళూ మనవాళ్ళను ఫ్యాక్టరీల్లో, తోటల్లో ఉంచారు. ఇప్పుడు ఆఫీసుల తలుపులు తెరిచారు. లోపలికి వెళ్ళి కూర్చోవడానికి చదువు లేదు. సాయంత్రాలు సండే స్కూలు గదిలో అకౌంట్సు చెబుతావా, సిస్టర్?" అని అడిగాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. అవి నిజమైన నీళ్ళేనని ఇప్పటికీ నమ్ముతాను. అందుకే నా బాధ ఎక్కువ.

మొదటి సాయంత్రం అందరికంటే ముందు వచ్చింది అక్క. నాకు చుట్టం కాదు, సంఘమంతా ఆమెను అలాగే పిలిచేది. డార్నల్‌లో పంచదార మిల్లు కూలీల లైన్లలో పుట్టింది. భర్త పోయాడు. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టేది. స్వెట్టరుకు దారప్పోగులు అంటుకుని ఉండగానే క్లాసుకు వచ్చేసేది.

"ఏటే పిల్లా, నువ్వేనా టీచరు? ఇంత చిన్నగున్నావే!"

"కూర్చోండి అక్కా."

"కూర్చోండి అంట! ఇన్నారా, నన్ను కూర్చోండి అంటాది. ఇండియా తెలుగు, రేడియోలో లాగ." గదిలో అందరూ నవ్వారు. వాళ్ళలో చాలామందికి ఆ పాటి తెలుగూ లేదు. నవ్వింది ఆమె నవ్వుకే.

ఆమెకు తెలుగు పిలుపుల్లో, తిట్లలో, ప్రార్థనలో మిగిలింది. మిగతాదంతా ఇంగ్లీషు. రెండూ కలిపి లెక్కలు నేర్చుకుంది. డెబిట్, క్రెడిట్ చెప్పిన రోజు చెయ్యెత్తి, "వచ్చేది డెబిట్, ఎల్లిపోయేది క్రెడిట్. అంతేనా? అయితే నా మొగుడు ఇంటికొస్తే డెబిట్, బారుకెల్తే క్రెడిట్. పాపం, ఎప్పుడూ క్రెడిట్లోనే ఉండేవాడు" అంది.

ఆమె కోరిక ఒక్కటే. ఫ్యాక్టరీలో మిషన్ల పైన అద్దాల గది ఒకటి ఉండేది, లెక్కలు రాసేవాళ్ళ ఆఫీసు. అంతవరకూ అందులో తెల్లవాళ్ళే కూర్చున్నారు. ఇప్పుడు డిప్లొమా ఉన్నవాళ్ళు ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని నోటీసు అంటించారు. "ఆ గదిలో కూకుంటాను. పైనుంచి సూస్తాను, ఎవులు కాలరు వంకర కుడతన్నారో."

ఆ సాయంత్రం క్లాసులు బ్రదర్ చేతిలో కాలేజీగా మారి, సండే స్కూలు గది నుంచి చాలా త్వరగా బయటపడ్డాయి. తలుపులు తెరుచుకున్న కాలం అది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు రాని పిల్లలు వేలల్లో ఉండేవారు. ముందు డర్బన్ నడిబొడ్డున ఫర్నిచరు షాపు మీద రెండు అంతస్తులు తీసుకున్నారు. తరవాత పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పాత బ్యాంకు భవనం, రిచర్డ్స్ బేలో ఓడరేవు పక్కన ఒక క్యాంపస్, ఆపైన జోహన్నెస్‌బర్గ్. ప్రైవేటు సంస్థ తనను యూనివర్సిటీ అని పిలుచుకోవడానికి చట్టం ఒప్పదు కాబట్టి బోర్డు మీద వేరే పేరు ఉండేది. బ్రదర్ నోట మాత్రం ఎప్పుడూ "మన బిజినెస్ యూనివర్సిటీ"యే. ప్రతి ప్రారంభోత్సవంలోనూ ఆవగింజ ఉపమానమే చెప్పేవాడు. చిన్న గింజ చెట్టయి, ఆకాశపక్షులు దాని కొమ్మల్లో నివసిస్తాయని.

ఉపమానం అయ్యాక కార్యక్రమంలో ఒక అంశం ఉండేది: మాతృభాషలో ప్రార్థన. అది అక్కది. మొదటి క్యాంపస్ తెరిచిన రోజు ఆమె తెలుగులో ప్రార్థిస్తుంటే బ్రదర్ ఏడ్చాడు. ఆయన్ని పెంచింది అవ్వ. ఆయనకు తెలుగు మాట్లాడడం రాదు గాని, విన్న ప్రతి మాటా అర్థమయ్యేది. ఆ తరవాత కొత్త క్యాంపస్ తెరిచిన ప్రతిసారీ అక్కకు కారు పంపేవారు. ఆమె వెళ్ళి ప్రార్థించి వచ్చేది. రానురాను యేసు నామం లేకుండా ప్రార్థించమని మా సంఘం పాస్టరు గారికి చెప్పారు, అన్ని మతాలవాళ్ళూ ఉంటారని. అక్కకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. తెలుగులో ఆమె ఎవరి నామం పలికినా అతిథులకు ఒకటే.

కాలేజీ ఇచ్చే సాయంత్రం డిప్లొమాలో అక్కకు వాణిజ్య చట్టం అనే ఒక్క సబ్జెక్టు మిగిలింది. పరీక్షకు ముందు ఆదివారం ఆమె ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. సంఘమంతా వెళ్ళాం. మటన్ బ్రియాని, పప్పు, మజ్జిగ. "దేవుడు నన్ను పాస్ సేసినాడు" అని లేచి స్తోత్రం చెప్పింది. బ్రదర్ గట్టిగా హల్లెలూయ అన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు. పరీక్ష నాడు ఫ్యాక్టరీలో విదేశీ ఆర్డరు ఆలస్యమైందని గేట్లు మూసి అందరిచేతా అదనపు షిఫ్టు చేయించారు. ఆమె చేరేసరికి హాలు ఖాళీ అయింది.

"ఏటవుద్దే, మల్లీ పెడతారు కదా" అంది.

మళ్ళీ పెట్టలేదు. ప్రైవేటు కాలేజీలన్నీ రిజిస్టరు చేసుకోవాలని, ఒక్కో కోర్సుకూ అనుమతి పొందాలని కొత్త చట్టం వచ్చింది. మంచి చట్టమే. దొంగ కాలేజీలు చాలా మూతపడ్డాయి. మా కాలేజీ మాత్రం పగటి డిగ్రీలకు అనుమతి అడిగింది, సాయంత్రం డిప్లొమాకు అడగలేదు. కుట్టుపని చేసి వచ్చే ఆడవాళ్ళ కోసం అంత శ్రమ ఎవరు పడతారు? పూర్తిచేసినవాళ్ళ పట్టాలు చెల్లుతాయన్నారు. మధ్యలో ఉన్నవాళ్ళు కావాలంటే పగటి డిగ్రీలో మొదటి ఏడాది నుంచి చేరవచ్చన్నారు. అప్పటికే బయటి దేశాల చవక బట్టలు వచ్చిపడి అక్క ఫ్యాక్టరీ మూతపడింది. అద్దాల గదిలో సామాను కూడా వేలం వేశారు. ఏ ఆఫీసుకు వెళ్ళినా డిప్లొమా చూపించమనేవారు. ఆమె ఇంటి ముందు గదిలో చిన్న షాపు పెట్టి బ్రెడ్డు, సమోసాలు అమ్మడం మొదలుపెట్టింది.

అప్పటికి అక్కడే పగటి క్లాసులు చెబుతున్నాను కాబట్టి, ఆమె తరఫున నేను కాలేజీ ఆఫీసుకు వెళ్ళాను. ఒక్క పేపరు, నేనే తయారుచేస్తాను, బయటి పరీక్షకుడి చేత దిద్దించండి అన్నాను. అక్కడి అమ్మాయి కంప్యూటరు వైపు చూసి, "ఆ కోర్సు సిస్టమ్‌లో లేదు, మేడమ్" అంది. నేను తిరిగి వస్తుంటే రోడ్డు మీద కొత్త ప్రకటన బోర్డు కనిపించింది. నవ్వుతున్న అక్క ముఖం, మేడంత ఎత్తున. కింద, మా మొదటి విద్యార్థిని, మీ వంతు ఎప్పుడు, అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఏదో ప్రారంభోత్సవంలో తీసిన ఫొటో. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

అన్నిటికంటే పెద్ద క్యాంపస్ ఉమ్‌లాంగాలో కట్టారు, చెరకు తోట కొట్టేసిన గుట్ట మీద, అన్నీ అద్దాలే. దాని కోసం ప్రార్థన చేయించుకోవడానికి బ్రదర్ చాలా రోజుల తరవాత మా చర్చికి వచ్చాడు. ఆరాధన అయ్యాక వెనక వంటగదిలో టీ తాగుతుంటే అక్క ఆయన ముందు నిలబడింది. పాస్టరు గారూ నేనూ పక్కనే ఉన్నాం.

"అన్నా, నాకు ఒక్క పేపరు ఇయ్యి. ఈ వంటింట్లోనే కూకుని రాసేత్తాను."

"ఆ కోర్సే లేదు కదా, సిస్టర్," అన్నాడు ఇంగ్లీషులో.

"కోర్సు నేకపోతే ఏటి? నేనున్నాను కదా!"

ఆయన నవ్వాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "సిస్టర్, నీ ఇంట్లో మా అందరికీ బ్రియాని పెట్టి, పాసయ్యానని దేవుడికి స్తోత్రం చెప్పావు. నేనూ తిన్నాను. ఇప్పుడు పాసవలేదంటే, ఎవరి మాట అబద్ధమైనట్టు?"

అక్క ఆయన చేతిలోని ఖాళీ కప్పు అందుకుని సింకులో పెట్టింది. పాస్టరు గారు చక్కెర కలుపుకుంటూ ఉండిపోయారు. శోధకుడు, అంటే సైతాను, కూడా బైబిలు వాక్యం తెలిసినవాడేనని మా నాన్న తరచుగా అనేవాడు. చిన్నప్పుడు అది నాకు బెదిరింపులా వినిపించేది. ఆ వంటగదిలో దాని అర్థం తెలిసింది.

"శనివారం కారు పంపిస్తాను. నీ ప్రార్థన లేకుండా ఎలా తెరుస్తాం?" అని బ్రదర్ వెళ్ళిపోయాడు.

వెళ్ళొద్దని నేను చాలా చెప్పాను. "ప్రార్థన సెయ్యమంటే సెయ్యననకూడదే" అంది. వాళ్ళ కారు వద్దంది. నేనే నా కారులో తీసుకువెళ్ళాను.

శనివారం ఆ అద్దాల హాలులో మంత్రులు, వ్యాపారులు, గౌన్లు వేసుకున్న ప్రొఫెసర్లు నిండిపోయారు. ఆవగింజ చెట్టయింది. తరవాత మాతృభాషలో ప్రార్థన అని పిలిచారు. అక్క తెల్ల చీర కొంగు తల మీద వేసుకుని మైకు ముందుకు వెళ్ళింది. బ్రదర్ ఆమె పక్కనే చేతులు జోడించి నిలబడ్డాడు. అందరూ తలలు వంచారు.

"పెబువా, నీకు దండం. ఈల్లు పెద్ద ఇల్లు కట్టినారు. నా బొమ్మ రోడ్డు మీద ఎట్టినారు. నాకు పరీచ్చ మాత్రం ఎట్టనేదు. ఒక్కటే మిగిలింది, నీకు తెలుసు. ముందే నీకు తాంక్యూ సెప్పినాను. ఆ మాటతోనే నా నోరు కట్టేసినారు. నువ్వియ్యనేదని నేననను. నువ్విచ్చినావు, మద్దెలో ఈల్లు ఆపినారు. ఈ అన్న నా పక్కనే ఉన్నాడు, ఇంటన్నాడు. ఈ ఇంట్లో సదివే పిల్లలకి ఇలాగ సెయ్యనీకు. ఏసు నామంలో, ఆమెన్."

హాలంతా ఆమెన్ అంది. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. బ్రదర్ ముఖం కొంచెం నల్లబడింది. అంతలోనే సర్దుకుని, మైకు దగ్గరకు వంగి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. ఫొటోలు తీశారు.

నేను చాలా చర్చిల్లో, చాలా మంది నోట ఆ మాట విన్నాను. ఆ రోజు విన్నంత ఖాళీగా ఎప్పుడూ వినలేదు.

తిరుగుదారిలో ఆ ప్రకటన బోర్డు కింద నుంచే వచ్చాం. అక్క తల ఎత్తి చూడలేదు. వాణిజ్య చట్టం పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, వెనక సీట్లో ఉంది, తీసుకుంటావా అని అడిగాను.

"ఎందుకే, కేసు ఎయ్యడానికా?" అని నవ్వింది. ఆ ఏడాది చివర నేను ఆ కాలేజీలో పాఠాలు మానేశాను. దానివల్ల ఆమెకు ఒరిగింది ఏమీ లేదు.

వెరులమ్ దాటాక టైము అడిగింది. చెప్పాను.

"అయితే తొందరగా పోనియ్యి పిల్లా. బ్రెడ్డు వ్యాను వచ్చే ఏల. షాపు మూసుంటే ఆగడు, ఎల్లిపోతాడు."