టైలరమ్మ తీగ

టైలరమ్మ నోటికి జడిసి బట్టల కంపెనీ సూపర్‌వైజరు పారిపోయాడని వీధిలో చెప్పుకుంటారు. అంత లేదు. అక్కడి పని మానేసింది ఆవిడే. మంచినీళ్లకు లేవాలన్నా చెయ్యెత్తి అడగాలంటే తన వల్ల కాదని, సొంత మిషను కొనుక్కుని ఈ భవనం మెట్ల కింద గదిలో కొట్టు పెట్టుకుంది. ఎవరో నరికి పారేసిన కాగితం పూల కొమ్మ తెచ్చి గుమ్మం పక్కన గుచ్చింది.

అది గోడ పట్టుకుని రెండో అంతస్తు దాకా ఎగబాకింది. ఒంటినిండా ముళ్లే. కన్నబిడ్డలా చూసుకుంటూ రోజూ బిందెలతో నీళ్లు పోసినా ఒక్క పువ్వూ లేదు.

ఓ పొద్దున భవన సంఘం ప్రెసిడెంటు చొక్కా ముల్లుకు తగులుకుని పర్రున చిరిగింది.

"ఇలా ఇవ్వండి బాబాయ్, కుట్టేస్తా."

"చింపేది నీ తీగ, కుట్టేది నువ్వు! బేరం బాగానే ఉందమ్మోయ్. పువ్వా, కాయా? రేపే కొట్టించేస్తా."

"కొట్టేవాణ్ణి ముందు నా కత్తెర దగ్గరికి రమ్మనండి!"

పై వాటా పిన్నిగారు రాజీ కుదిర్చింది. ఎండాకాలం వెళ్లేలోగా పూస్తే సరి, లేదంటే కొట్టేయడమే. ప్రెసిడెంటు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ సాయంత్రమే కింది కుళాయికి తాళం వేయించాడు.

"గొంతు నొక్కి పాట పాడమన్నట్టుంది!" అంది టైలరమ్మ.

"పోనీ, మా ఇంట్లోంచి ఓ బిందె పట్టుకెళ్లవే" అంది పిన్నిగారు.

"వద్దు పిన్నీ. నేనెవర్ని అడుక్కుని బతికాను? అదీ అలాగే బతుకుతుంది."

ఆకులు రాలాయి. ప్రెసిడెంటు మెట్లు దిగుతూ "కత్తి నూరిస్తున్నానమ్మా" అనేవాడు. ఆవిడ తలెత్తకుండా మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది.

ఎండలు ముదిరాక ఒక ఉదయం షట్టరు ఎత్తబోయి ఆగిపోయింది. మోడు కొమ్మల చివర్న ఎర్రగా ఏదో పొడుచుకొచ్చింది. వారం తిరిగేసరికి గోడ కనబడలేదు, అన్నీ గుత్తులే. కడుపునిండా నీళ్లు తాగినన్నాళ్లూ ఆకులేసుకుని కూర్చున్న తీగ, దాహం వేశాక పూసింది. ముద్దు చేసి చెడగొట్టింది తనేనని టైలరమ్మకు అప్పుడు తెలిసింది.

ప్రెసిడెంటు మెట్లు దిగొచ్చి పూలు చూశాడు. పెద్దమనిషి తరహాగా తాళంచెవి తీశాడు.

"మాటంటే మాటే. కుళాయి తెరుస్తా, పోసుకో."

టైలరమ్మ పరుగున వచ్చి తాళం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకండి బాబాయ్! ఆ చిరిగిన చొక్కా ఉంటే పట్రండి, ఊరికే కుడతా. తాళం మాత్రం తీశారో, ఊరుకోను!"